మణికట్టు దాకా

ఆసుపత్రి లాండ్రీలో పొద్దున్నే మొదటి పని దుప్పట్లు వేరుచేయడం. రక్తం మరకలవి ఒక కుప్ప, మందు మరకలవి ఇంకో కుప్ప. ఏ మరకా లేకుండా, పడుకున్న మనిషి మళ్ళీ లేవనివి మూడో కుప్ప. ఆ మూడో కుప్పని ఒకావిడే తీసేది. తక్కినవాళ్ళు దాని జోలికి పోరు. తర్వాత సోడా కలిపిన వేణ్ణీళ్ళ తొట్టిలో మోచేతుల దాకా చేతులు పెట్టి దుప్పట్లు కలియతిప్పాలి. ఆ నీళ్ళలో వారం రోజులు పనిచేస్తే ఎవరి చేతులైనా నెర్రెలు బారాల్సిందే. ఆవిడ పదకొండేళ్ళుగా చేస్తోంది. తొట్టిలోంచి చేతులు పైకి తీస్తే చుక్క తడి ఉండదు. తామరాకు మీంచి జారినట్టు నీళ్ళు జారిపోతాయి.

“పెట్టిపుట్టావక్కా,” అనేవాడు ఇస్త్రీ అతను, పగిలిన తన వేళ్ళకి నూనె రాసుకుంటూ. “మేం చేతులకి పోసే నూనె మిగిలిస్తే నీకు ఏడాది వంటకి సరిపోతుంది.”

“నూనె నాకెందుకయ్యా? నా దగ్గర మంటుంది. దానిమీదే వండుకుంటా.”

అతను నవ్వేవాడు. ఆవిడ నవ్వేది కాదు.

వాళ్ళ వీధిలో ఇది వింతేం కాదు. కడుపులో పగ పెట్టుకున్న మనిషిని అక్కడ నీళ్ళు తాకవు. అంతే. తోటికోడళ్ళు మాటా మాటా అనుకుంటే మర్నాడు పొద్దున ఒకామె ఎన్ని చెంబులు గుమ్మరించుకున్నా మొహం పొడిగానే ఉంటుంది. సాయంత్రానికి ఇద్దరూ కలిసి మరిదిని తిట్టుకుంటే మళ్ళీ తడుస్తుంది. అన్నదమ్ములు దెబ్బలాడుకుని వానలో ఇంటికొస్తే, ఎవడు మర్చిపోయాడో ఎవడు దాచుకున్నాడో తలలు తడిమి తల్లి చెప్పేస్తుంది. ఎవరికైనా ఒక పూట, మహా అయితే ఒక వారం. పదకొండేళ్ళ పొడి మాత్రం ఆవిడదొక్కదానిదే. అందుకే ఆవిణ్ణి పొడిచేతులావిడ అనేవారు. ఎదుట కాదు లెండి.

మసీదులో ఆడవాళ్ళ గది బయట కుళాయిలున్నాయి. అందరూ అక్కడ వజూ చేసుకుని, అంటే చేతులూ నోరూ మొహమూ కాళ్ళూ కడుక్కుని, నమాజుకి లోపలికెళతారు. చివరి కుళాయి పక్కన ఆవిడకోసం ఒక పలకరాయి పెట్టి ఉంచారు. నీళ్ళు దొరకని బాటసారికీ, నీళ్ళు పడని రోగికీ మట్టి మీదో రాతి మీదో అరచేతులు ఆన్చి మొహమూ చేతులూ తుడుచుకునే వీలుంది కదా, అట్లాగే ఆవిడకీను. పదకొండేళ్ళకి ఆ రాయి మధ్యలో రెండు అరచేతులంత నునుపు తేలింది.

దీనికంతటికీ మొదలు ఆవిడ భర్త చెప్పిన ఒక పాఠం.

ఆయన్ని అందరూ మాస్టారు అనేవారు. సాయంత్రాలు వాళ్ళింటి ముందుగదిలో పొట్టి బల్లలు వేసి పిల్లలకి అక్షరాలూ, ఖురాను చదవడమూ, పెద్దలతో మాట్లాడే తీరూ నేర్పేవాడు. ఒకరోజు ఒక పిల్లవాడు అడిగాడు: “మాస్టారూ, జిహాద్ అంటే మనుషుల్ని చంపడమా? బడిలో ఒకడు నన్నడిగాడు.”

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “జిహాద్ అంటే గట్టిగా పాటుపడటం రా. మనింటి మీదికి ఎవడైనా దాడికొస్తే ఎదుర్కోవడం కూడా అందులో ఉంది, దానికి హద్దులున్నాయి, ముసలివాణ్ణీ ఆడదాన్నీ పిల్లల్నీ పచ్చని చెట్టునీ ముట్టుకోకూడదని. అయినా ఆ శత్రువు ఎప్పుడో ఒకరోజు వస్తాడు, పోతాడు. లోపలొకడున్నాడు చూశావూ, వాడు మన కంచంలోనే తిని మన పక్కలోనే పడుకుంటాడు. చలిలో నమాజుకి లేవబోతే దుప్పటి పట్టుకు లాగేది వాడే. నాలుక చివరికి తిట్టు తెచ్చిపెట్టేదీ వాడే. వాడితో కుస్తీ రోజూ ఉంటుంది, సెలవుల్లేవు. ఈ వారం ఎవరి జిహాద్ ఏమిటో వాళ్ళు పుస్తకంలో రాసుకు రండి.”

రాసుకొచ్చారు. ‘తమ్ముడి పెన్సిలు దాచకుండా ఉండటం.’ ‘నాన్న జేబులో చెయ్యి పెట్టకుండా ఉండటం.’ ఆ సాయంత్రం పుస్తకాలు దిద్దుతూ మాస్టారు భార్యని అడిగాడు.

“నీ జిహాద్ ఏమిటోయ్?”

“మీతో కాపురం చెయ్యడమే. ఇంకో యుద్ధం కూడా కావాలా నాకు?”

ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వు ఆవిడకి బాగా గుర్తు. ఎందుకంటే తర్వాత తెరిచిన పుస్తకం దగ్గర అది ఆగిపోయింది. వాళ్ళింటి మేడమీద ఉండే ఆవిడ కూతురిది. తొమ్మిదేళ్ళ పిల్ల, గుండ్రటి అక్షరాలు. ‘నా జిహాద్: అమ్మ కొట్టినప్పుడు అమ్మ చచ్చిపోవాలని అనుకోకుండా ఉండటం.’

మర్నాడు ఆయన మెట్లెక్కి మేడమీదికి వెళ్ళాడు. గొంతు పెంచకుండా, మూడో మనిషికి వినపడకుండా చెప్పాడు: “పిల్ల చేతుల మీద వాతలున్నాయమ్మా. అది నిన్ను ప్రేమించడానికి తనతో తాను పోట్లాడుతోంది. కాస్త చూసుకో.” మేడమీది ఆవిడ తలూపింది. మంచినీళ్ళిచ్చింది. మర్నాడు ఆ పుస్తకం పట్టుకుని పోలీసు స్టేషనుకి వెళ్ళింది.

“మా కిందింటాయన పిల్లలకి జిహాద్ నేర్పుతున్నాడండీ. ఇదిగో, మా పిల్ల చేతిరాతే. జిహాద్ అని ఉంది చూడండి. చచ్చిపోవాలని ఉంది చూడండి.”

ఏడు నెలలు మాస్టారు లోపల ఉన్నాడు. బయటికొచ్చేటప్పుడు ‘రుజువు కాలేదు’ అని ఒక కాగితం ఇచ్చారు. కాగితమైతే వచ్చింది గానీ ఆయన గొంతు అక్కడే ఉండిపోయింది. మాట గుసగుసగా తప్ప వచ్చేది కాదు. పిల్లల్లో ఒక్కరు కూడా పాఠానికి రాలేదు. రెండో చలికాలం ఆయన్ని తీసుకుపోయింది.

ఆయన్ని పట్టుకెళ్ళిన రోజునుంచే ఆవిడ చేతులు తడవడం మానేశాయి. కన్నీళ్ళు కూడా బుగ్గ మీద నిలవకుండా గింజల్లా రాలి నేలమీద పడేవి. ఇక మేడమీది ఆవిడంటారా, ఆవిడకేం లోటు లేదు. శుక్రవారం శుక్రవారం తలంటుకుని వరండా పిట్టగోడ మీంచి జుట్టు వేలాడేసి ఆరబెట్టుకునేది. ఆ నీళ్ళు టపటపా కింద మెట్ల మీద పడేవి, ఒక్కోసారి పనికి బయల్దేరే ఈవిడ చేతిమీద పడి జారిపోయేవి. ఒక్కో చుక్కకీ ఈవిడ పళ్ళు నూరుకునేది.

“ఇదెక్కడి న్యాయం పెద్దమ్మా?” అని ఒకసారి అడిగింది. వీధిలో పోయిన ఆడవాళ్ళకి ఆఖరి స్నానం చేయించే పెద్దమ్మని. “కొంప కాల్చినదాని జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే, కాలినదాని చేతులు ఎండిపోవడమేంటి?”

“నీళ్ళు తప్పెవరిదని అడగవే అమ్మడూ. బరువెవరు మోస్తున్నారో చూస్తాయి. అది ఎప్పుడో మర్చిపోయి తేలిక పడింది. నువ్వు మోస్తున్నావు.”

“అయితే మోస్తా. దాని శవం మీదే దించుతా.”

 పెద్దమ్మ మర్నాటినుంచి ఈవిణ్ణి వెంటబెట్టుకుని స్నానాలకి తీసుకెళ్ళడం మొదలుపెట్టింది.

పని నేర్చుకుంది. కుడివైపు ముందు, ఎడమవైపు తర్వాత. రేగాకు వేసి కాచిన నీళ్ళు మొదట, కర్పూరం కలిపినవి ఆఖరున. బతికున్నవాళ్ళకి పోసినట్టే నెమ్మదిగా, నొప్పి పుడుతుందేమో అన్నట్టు. ఒంటిమీద ఏం కనిపించినా గది దాటి చెప్పకూడదు. తన చేతులు తడవకపోయినా ఆ చేతులు పోసిన నీళ్ళకి ఎందరో తల్లులూ అవ్వలూ శుభ్రంగా తడిసి వెళ్ళారు. రెండేళ్ళ కిందట పెద్దమ్మ కుడిచెయ్యి పడిపోయాక స్నానాలన్నీ ఈవిడవే అయ్యాయి. ఒక్కో స్నానం అయ్యాక మెట్లెక్కే కాళ్ళ చప్పుడు విని అనుకునేది: నీ వంతూ వస్తుంది. నీకు పోసేది నేనే. లేదంటే, పోయను పొమ్మనేది నేనే. రెండింట్లో ఏది తియ్యగా ఉంటుందా అని దుప్పట్లు ఉతుకుతూ నెమరేసుకునేది. దీనికోసమే ఈ పని నేర్చుకున్నానా అని ఒక్కోసారి తనకే జంకు పుట్టేది.

ఆ వంతు ఒక మంగళవారం వచ్చింది.

మూడో కుప్ప దగ్గర ఉండగా లాండ్రీ గుమ్మంలో మేడమీది పిల్ల కనిపించింది. పిల్లేంటి, ఇరవై ఏళ్ళది. బడిలో చిన్న తరగతుల టీచరు. చెప్పులు రెండు రకాలవి వేసుకొచ్చింది.

“పిన్నీ.”

ఆ పిలుపు విని పదకొండేళ్ళయింది.

“అమ్మ తెల్లారి పోయింది. మధ్యాహ్నం నమాజు కాగానే తీసుకెళ్తారట. పెద్దమ్మ మిమ్మల్ని పిలుచుకు రమ్మంది.”

“పెద్దమ్మ రమ్మందా, నువ్వొచ్చావా?”

“మీరు రారని పెద్దమ్మ అంది. నేనే వచ్చాను.”

ఆవిడ కుప్పలో మిగిలిన దుప్పట్లు ఒక్కొక్కటే విప్పి, దులిపి, మడిచింది. అంత నెమ్మదిగా ఏనాడూ మడవలేదు. పిల్ల గుమ్మంలోనే నిలబడింది. నిలబడనీ అనుకుంది. ఏడు నెలలు నేను ఇలాగే ఒక గుమ్మంలో నిలబడ్డాను. ఆఖరి దుప్పటి అయ్యాక, తుడుచుకోవడానికేమీ లేకపోయినా చేతులు కొంగుకి తుడుచుకుంది.

“పద. నేనే పోస్తా. దానికి నేను తప్ప ఇంకెవరూ పోయకూడదు.”

మేడమీద వెనక గదిలో తాడు కట్టి తెర వేశారు. చప్టా వైపు వాలుగా పొడుగాటి చెక్క, దానిమీద దుప్పటి కప్పిన మనిషి. రెండు బకెట్లు, ఒక మగ్గు. పెద్దమ్మ పీట మీద కూర్చుని ఎడమచేత్తో తసబీ పూసలు తిప్పుతోంది. పిల్ల దుప్పటి కొసలు పట్టుకుంది. తలుపవతల నడవాలో వీధి ఆడవాళ్ళంతా కూర్చున్నారు.

మొహం మీది గుడ్డ తీసి చూసింది. ఇంత చిన్నదా ఈ మనిషి? తన కడుపులో ఇన్నేళ్ళు ఎంత పెద్దగా ఉందీ! పీక్కుపోయిన బుగ్గలు, తెరుచుకోని నోరు. ఆ నోరే కదా.

బిస్మిల్లా అని మగ్గు ముంచి కుడిభుజం మీద పోసింది.

నీళ్ళు అంటలేదు. పూసల్లా దొర్లి, చెక్క మీంచి జారి, చప్టాలోకి పోయాయి. భుజం పొడిగా, పాలిపోయి, అలాగే ఉంది. రెండో మగ్గు పోసింది. మూడోది. జుట్టు మీద పోసింది. ఒక్క వెంట్రుక తడవలేదు.

“పిన్నీ,” అంది పిల్ల. “అమ్మకి నీళ్ళు అంటట్లేదు.”

పెద్దమ్మ చేతిలో పూసలు ఆగాయి. 

“నాకు తెలుసు ఇలా అవుతుందని. మాస్టారి ఉసురు ఊరికే పోతుందా?” పిల్ల దుప్పటి కొసతో కళ్ళు ఒత్తుకుంది. “ఆ రాత నాదే కదా పిన్నీ. నేను రాయకపోతే ఏ గొడవా లేదు. అమ్మ మీ పేరు ఒక్కసారన్నా ఎత్తలేదు. చివరికైనా అంటుందేమోనని రాత్రంతా పక్కనే కూర్చున్నా. దిండు సరిచెయ్యమంది, అంతే. నేను ఎల్లుండి ఈ వీధి వదిలి వెళ్ళిపోతున్నాను. ఇదయిపోతే చాలు.”

దిండు సరిచెయ్యమంది. అంతే! ఆ ముక్క పుండు మీద కారంలా పడింది. క్షమించమని అడిగినా ఈవిడ క్షమించేది కాదు, అది వేరే సంగతి. కనీసం అడిగి, కాదనిపించుకునే యోగమైనా తనకి దక్కనివ్వలేదు ఆ మనిషి. తలంటుకున్నట్టే అన్నీ వదిలించుకుని పోయింది.

కసిగా మగ్గు బకెట్లో ముంచింది. ఆ విసురుకి నీళ్ళు చింది దుప్పటి అంచు మీద, పిల్ల జాకెట్టు చెయ్యి మీద, చెక్కమీది ఆ ఎండు పాదం మీద పడ్డాయి. పాదం తడిసింది.

ఆవిడ చూసింది. పెద్దమ్మా చూసింది. పిల్ల కళ్ళు మూసుకుని ఉంది, చూడలేదు.

బకెట్టు నీళ్ళు అంటుతున్నాయి. తన చేతిలోంచి పోసినవే అంటట్లేదు. అంటే లోపం ఆ మనిషిది కాదు, తనది.

అవతల ఎవరో తలుపు తట్టారు. “అయిందా అమ్మా? నమాజుకి వేళవుతోంది. నీళ్ళు బాగా పడ్డాయా?” ఆ వీధిలో ప్రతి స్నానానికీ అడిగే మాటే అది.

ఆవిడ మగ్గు కిందపెట్టి తలుపు దగ్గరికి నడిచింది. గడియ మీద చెయ్యి వేసింది. రెండు మాటలు చాలు. ‘నీళ్ళు అంటలేదు.’ రేపు పొద్దుటికి వీధి, ఎల్లుండికి ఊరు. గుడ్డ కప్పకముందే దాని పేరు కుళ్ళిపోతుంది. మనవలు పుట్టాక కూడా ‘నీళ్ళంటనిదాని సంతానం’ అంటారు. ఈ పిల్ల ఎక్కడికి వెళ్ళినా ఆ మాట వెనకాలే పోతుంది. అబద్ధం కూడా కాదు. అల్లా సాక్షిగా నిజం. పదకొండేళ్ళ ఆకలికి ఎదురుగా విస్తరి వేసినట్టుంది. నాలుక మీద నీళ్ళూరాయి. అవును, ఆ చోట తడి ఇంకా ఉందన్నమాట.

నిజమే కదా చెబుతున్నాను, అనుకుంది.

అనుకోగానే చెయ్యి గడియ మీదే బిగుసుకుపోయింది. అదీ నిజమే. ‘జిహాద్ నేర్పుతున్నాడు.’ అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అబద్ధమైతే ఎవరో ఒకరు కొట్టిపారేసేవాళ్ళు, మనిషి బతికేవాడు. నిజాన్ని సగానికి కోసి పట్టుకెళ్ళింది ఆ మనిషి, అందుకే అది అంత లోతుగా దిగింది. ఇప్పుడు తన చేతిలోనూ సగానికి కోసిన నిజమే ఉంది. కత్తి పిడి కూడా అదే. స్టేషను మెట్లెక్కుతున్న కాళ్ళు ఎలా ఉండి ఉంటాయో, గుండె ఎంత హాయిగా కొట్టుకుని ఉంటుందో, ఆవిడకి మొదటిసారి లోపల్నుంచి తెలిసింది. ‘మన కంచంలోనే తిని మన పక్కలోనే పడుకుంటాడు’ అన్నాడు మాస్టారు. పదకొండేళ్ళు పక్కలో పడుకోబెట్టుకుని, వాడికి మొగుడి పేరు పెట్టి సాకింది తను.

మాట మింగింది. పెద్ద ముల్లున్న చేపముక్క మింగినట్టే, గొంతు పొడుగునా గీసుకుంటూ దిగింది.

“ఇటు చూడు,” అంది పిల్లతో. “కళ్ళు తెరువు. మీ అమ్మ పాదం చూడు, తడిసింది. బకెట్లోంచి చిందిన నీళ్ళు అంటాయి. నా చేతిలోంచి పోసినవే అంటలేదు. ఆవిడ్ని నీళ్ళు ఏనాడూ వద్దనలేదు, పదకొండేళ్ళు ఆ జుట్టులోంచి కారడం నేను చూశాను. వద్దన్నది నన్ను. అర్థమైందా? ఇది మీ అమ్మది కాదు, నాది.”

పిల్ల పాదం తాకి చూసింది. తాకిన చెయ్యి అలాగే ఉంచేసింది.

“కాస్త గట్టిగా చెప్పవే,” అంది పెద్దమ్మ పీట మీంచి. “తలుపవతలకి వినపడితే గానీ అది చెప్పినట్టు కాదు.”

“నీ దుంపతెగ పెద్దమ్మా!”

“తెగనీలే. చెప్పు.”

ఆవిడ తలుపు జానెడు తీసింది. నడవాలోని తలలన్నీ ఇటు తిరిగాయి. “ఆలస్యం నావల్ల. నా చేతికి నీళ్ళు సాగట్లేదు. ఆవిడకేం లోపం లేదు. కాసేపు కూర్చోండి,” అని తలుపు వేసేసింది. పదకొండేళ్ళ పగని నలుగురిలో తన కొంగుకే ముడేసుకుంది. కడుపు మండింది. ఆరలేదు సరికదా, ఇంకాస్త రగిలింది.

ఆ రగులుతోనే వచ్చి చెక్క పక్కన వంగి, శవం చెవి దగ్గర నోరు పెట్టింది.

“నిన్ను క్షమించాననుకునేవు. లేదు. మనిద్దరం అల్లా ముందు నిలబడి తేల్చుకుందాం. నా పక్కన మా ఆయన ఉంటాడు. అక్కడ ఆయనకి గొంతు ఉంటుంది. నీ పక్కన ఎవరుంటారో చూసుకో. ఇక్కడ మాత్రం, నా నోటితో, నిన్ను చంపను. ఆయన పాఠం నీకోసం పాడుచేసుకోను.”

మగ్గు ముంచి కుడిభుజం మీద పోసింది.

ఈసారి నీళ్ళు దొర్లలేదు. భుజం మీద పల్చగా పరుచుకుని, చర్మం రంగు మార్చి, నెమ్మదిగా దిగాయి. జుట్టు నల్లబడి చెక్కకి అతుక్కుంది. రేగాకు వాసన గదంతా లేచింది. పెద్దమ్మ పూసలు మళ్ళీ కదిలాయి. ఆవిడ కుడివైపు కడిగింది, ఎడమవైపు కడిగింది, ఆ నోటిని తడిగుడ్డతో, నొప్పి పుడుతుందేమో అన్నట్టు, తుడిచింది. కర్పూరం నీళ్ళు పోస్తుండగా ఏదో చురుక్కుమంది. చల్లగా ఉంది. చలి! వేళ్ళ సందుల్లో చలి. చేతులు వెలుతురుకి ఎత్తి చూసుకుంది. వేళ్ళు, అరచేయి, చేతి వెనక, అన్నీ తడి. మణికట్టు దగ్గర గాజులా గీత గీసినట్టు ఆగింది. పైనంతా పొడి.

 తెల్లగుడ్డలు చుట్టి, మధ్యాహ్నం నమాజు కాగానే తీసుకెళ్ళారు.

వారం తిరక్కుండానే లాండ్రీలో సోడా నీళ్ళు ఆవిడ వేళ్ళని కొరకడం మొదలెట్టాయి. “అమ్మో!” అని తొట్టిలోంచి చేతులు లాక్కుంది. ఇస్త్రీ అతను వచ్చి చూసి, తన నూనె సీసా తెచ్చి తొట్టి గట్టు మీద పెట్టాడు.

“మంట మీద వండుకుంటానన్నావుగా అక్కా?”

“నోరు మూసుకుని నూనె పొయ్యి. ఇంకా చాలా ఉంది మంట.”

మసీదు కుళాయి దగ్గర చేతులు మణికట్టు దాకా తడిసేవి. మొహం మీద పోసుకుంటే పెదవులు తడిసి, బుగ్గలు మానేసేవి. మోచేతులు ససేమిరా అనేవి. ఏం చెయ్యాలని పెద్దమ్మని అడిగితే, “తడిసినంత తడుపుకో. తక్కినదానికి నీ రాయి ఎక్కడికీ పోలేదుగా,” అంది. రెండూ చేసుకునేది. కొన్ని రోజులు ఆ గీత వేళ్ళ దాకా వెనక్కి పోయేది కూడా. పాత కాగితం ఏదైనా కంటపడ్డ రోజున.

పిల్ల ఎల్లుండి వెళ్ళలేదు. ఆ పై వారం కూడా వెళ్ళలేదు. ఒక సాయంత్రం మెట్లు దిగొచ్చి గుమ్మంలో నిలబడింది.

“పిన్నీ, ముందుగది తాళం ఇస్తారా?”

“దేనికి?”

“నలుగురైదుగురు పిల్లలు చదువు చెప్పమని అడుగుతున్నారు. మాస్టారి బల్లలు ఉన్నాయి కదా.”

ఆవిడ పిల్ల వంక చూసింది. మొహంలో తల్లి పోలికలు, కొట్టొచ్చినట్టు. ఒళ్ళు మండింది. తాళంచెవి కొంగున ఉంది. ముడి విప్పడానికి ఆ పగిలిన వేళ్ళతో కాస్త సమయం పట్టింది.

“పదకొండేళ్ళ దుమ్ము. కడుక్కోవాల్సింది నువ్వే. నేను చెయ్యి వెయ్యను.”

“నేనే కడుగుతాను.”

“మొదటి పాఠం ఏం చెబుతావే?”

పిల్ల తాళంచెవిని పిడికిట్లో పట్టుకుంది. “అప్పుడు సగంలో ఆగిపోయింది కదా, ఆ పాఠం.”

శుక్రవారం పొద్దున ఆవిడ పనికి బయల్దేరింది. ముందుగది తలుపులు బార్లా తీసి ఉన్నాయి. బల్లలు కడిగి, ఎండకి మెట్ల పక్కన వరసగా బోర్లించి ఉన్నాయి. మేడమీద పిల్ల తలంటుకుని, తల్లి నిలబడ్డ చోటే నిలబడి, పిట్టగోడ మీంచి జుట్టు వేలాడేసి ఆరబెట్టుకుంటోంది. టపటపా నీళ్ళు మెట్ల మీద పడుతున్నాయి. ఆవిడకి పళ్ళు నూరుకునే అలవాటు వచ్చేసింది, నూరుకుంది కూడా. మెట్ల పక్కనున్న తన గదికి తాళం వెయ్యబోతూ చెయ్యి చాపింది.

ఒక చుక్క చేతిమీద పడింది. మణికట్టు గీతకి అంగుళం పైన, పొడి చోట.

జారిపోతుందని ఆవిడ అక్కడే నిలబడి చూసింది. పనికి వేళ మించిపోతోంది. పైనుంచి పిల్ల, “ఏంటి పిన్నీ, అలా నిలబడిపోయారు?” అంది.  ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది.

చుక్క జారలేదు.